నీల్ దీవిలో ఇంటికి విశాఖ మడతబందులు: ఏడాది తర్వాత నా మాట

మా బావ అండమాన్‌లో నీల్ దీవిలో (2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు) రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. తలుపులకి, కిటికీలకి మడతబందులు, గడియలు, స్క్రూలు ఇక్కడే డాబాగార్డెన్స్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో నేనే కొని ఓడలో పంపాను. ఒక్క స్క్రూ తక్కువైనా పక్క వీధికెళ్లి తెచ్చుకునే ఊరు కాదది, ఓడ దిగాక మళ్లీ బోటెక్కాలి, అందుకే పది శాతం ఎక్కువే కట్టించా.

స్టీలు మాత్రం 316 రకమే అడగండి. అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుగాలికి 304 రకం స్టీలు కన్నా బాగా ఆగుతుంది. బీచ్‌రోడ్డు ఇళ్ల గ్రిల్స్ చూసినవాళ్లకి ఉప్పుగాలి సంగతి నేను చెప్పాలా!

షాపాయన ఓపిక మెచ్చుకోవాలి, ప్రతి పొట్లం మీదా సైజు రాసిచ్చాడు. కానీ ఒక పొట్లంలో 304 కలిపేశాడు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలియదు, రెండూ పెద్దగా అంటుకోవు కదా. నాలుగు నెలలకి వంటింటి కిటికీ స్క్రూల తలల చుట్టూ టీ మరకల్లా చిలుం కనబడితే అప్పుడు తెలిసింది. ఫోన్ చేస్తే మారు మాట్లాడకుండా మార్చాడు, ఓడ ఖర్చు మాత్రం మాదే.

మిగతావన్నీ ఇప్పటికీ మెరుస్తున్నాయి. సాయంత్రం తలుపు బార్లా తెరిచి, అరుగు మీద పక్కింటివాళ్లు ఇచ్చిన వంకాయలు తరుగుతూ అక్క వీడియోకాల్ చేస్తుంది, వెనక తలుపు కిర్రుమనదు. నాలుగు స్టార్లు.