అరకు కాఫీ తోటలు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

అరకును ఒక్క రోజులో చుట్టేసి రావడం విశాఖ వాళ్లకు అలవాటే. పొద్దున్నే బయల్దేరడం, బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, దారిలో బొంగు చికెన్, చీకటి పడేలోపు మళ్లీ ఘాట్ రోడ్డు దిగడం. ఆ తిరుగుడులో కాఫీ అంటే మ్యూజియం దగ్గర తాగే ఒక కప్పే. తోటలోకి అడుగు పెట్టే తీరిక ఉండదు. అరకులో ఏం చూడాలని నన్నెవరైనా అడిగితే ముందు ఆ తోటల పేరే చెబుతాను. మొన్న డిసెంబర్‌లో మా ఆవిడ, మా అత్తయ్యగారు, నేను వాటి కోసమే వెళ్లాం.

డిసెంబర్ ఎందుకంటే, అక్కడ కాఫీ పండ్ల కోత నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడుస్తుంది. కొంచెం ముందుగా వెళ్లగలిగితే వలిసె పూల పసుపు పొలాలు కూడా దొరుకుతాయి. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడ్డాక కాఫీ మొక్కలు తెల్లగా పూస్తాయి, మల్లెల్లాంటి వాసన. కానీ ఆ పూత కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది, దాన్ని నమ్ముకుని సెలవు పెట్టడం కష్టం.

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. ఇదే నా సలహా. కిరండూల్ వెళ్లే రైలు ఉదయాన్నే విశాఖలో బయల్దేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన ఈ కొత్తవలస–కిరండూల్ లైను మీద 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో కూర్చున్నంతసేపూ మా అత్తయ్యగారు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. చలికాలంలో ఆ టికెట్లు తొందరగా అయిపోతాయి, తేదీ అనుకోగానే బుక్ చేసుకోవాలి. గూడ్స్ బళ్లు ఎక్కువగా తిరిగే లైను కాబట్టి అరకు చేరే టైమును పట్టుకుని మిగతా ప్లాన్ వేసుకోవద్దు.

బస విషయంలో కాస్త ఆలోచించాలి. మొదటి రాత్రి ఊరి మధ్యలో ఒక ప్రైవేట్ రిసార్ట్‌లో దిగాం. గది పెద్దదే, కానీ వేడినీళ్లు పొద్దున ఒక గంటే వచ్చాయి, రాత్రి చాలాసేపు డీజే మోగింది. అంత చలిలో పెద్దవాళ్లకు వేడినీళ్లు లేకపోతే ఎలా? ఫోన్‌లోనే ఈ రెండు సంగతులూ గట్టిగా అడగండి. టూరిజం వాళ్ల హరిత హోటల్ రైల్వే స్టేషన్‌కు, మ్యూజియానికి దగ్గర కాబట్టి సొంత బండి లేనివాళ్లకు వీలు. అడవి ఇష్టపడేవాళ్లకు ఘాట్ మీదే టైడా దగ్గర చెక్క కాటేజీలున్నాయి, కానీ అక్కడి నుంచి అరకు లోయ తోటలకు రోజూ తిరగడం దూరమవుతుంది. మేం రెండో రోజు డుంబ్రిగుడ వైపు ఒక పల్లెలో హోమ్‌స్టేకి మారాం. రెండు గదులు, మందపాటి దుప్పట్లు, బయట నెగడు. ఫోన్ సిగ్నల్ సరిగా లేదు. అద్దె మాత్రం రిసార్ట్‌లో ఇచ్చినదాంట్లో సగం కూడా కాలేదు. పైగా ఆ ఇంటివాళ్లే కాఫీ రైతులు.

వాళ్ల తోట కొండవాలులో, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఉంది. ఓక్ మానులకు మిరియాల తీగలు. మొక్కల వరసల మధ్య నిలబడితే ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇంటి పెద్దావిడ మా చేతికి బుట్ట ఇచ్చి, "ఎర్రగా పండినవే తెంపండి బాబూ, పచ్చివి పడితే మంచి రేటు రాదు" అంది. ఒకే కొమ్మకు ఎర్రవీ పచ్చివీ కలిసి ఉంటాయి. అందుకే ఒక్కో మొక్క దగ్గరికి సీజన్‌లో మళ్లీ మళ్లీ రావాలి. కోసిన పండ్లను నీళ్లలో పోసి తేలినవి తీసేస్తారు. తర్వాత పై తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, నేలకు ఎత్తుగా కట్టిన వల పరుపుల మీద ఆరబెడతారు. తొక్క పారేయరు, పేడతో కలిపి కంపోస్టు కుప్ప వేస్తారు.

మేం వెళ్లింది ముఖ్యంగా ఆ కుప్ప కోసమే. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఈ ప్రాంతంలోని గిరిజన రైతులు బయోడైనమిక్ సాగు చేస్తున్నారు. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన పద్ధతి ఇది. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడరు. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తర్వాత తీసి, ఎకరానికి ఓ గుప్పెడు నీళ్లలో వేసి గంటసేపు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు సుడి తిప్పుతూ కలిపి సాయంత్రం నేల మీద చల్లుతారు. పనులకు చంద్రుడి గమనం చూస్తారు. కొమ్ము ఎరువు, చంద్రుడి లెక్కల ప్రభావం సైన్సులో రుజువు కాలేదు. కంపోస్టు సంగతి వేరు. ఆ తోటలో మట్టి చేతిలోకి తీసుకుంటే నల్లగా, మెత్తగా, వానపాములతో ఉంది. నా నమ్మకానికి అది చాలు.

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతపు పులిన్యీ మోంట్రాషేలో డొమైన్ లెఫ్లేవ్ అని ఒక కుటుంబ వైనరీ ఉంది, షార్డొనే ద్రాక్షతో చేసే వైట్ వైన్‌కు ప్రపంచమంతా పేరు. ఆన్ క్లోద్ లెఫ్లేవ్ 1990లో కొన్ని మళ్లలో ఈ పద్ధతినే ప్రయత్నించి, 1997 నాటికి తోట మొత్తాన్ని అందులోకి మార్చారు. అంత పేరున్న తోటలో చేసే పనినే మన కొండల్లో చిన్న చిన్న కమతాల రైతులు చేస్తున్నారు. 2017లో అరకు కాఫీ సొంత దుకాణంతో పారిస్‌కే వెళ్లింది, 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. విశాఖలో పుట్టి పెరిగినవాడిగా నాకిది ఎంతో గర్వంగా ఉంది. వైనరీకి వెళ్లినవాళ్లు తోట చూసి, గ్లాసు పట్టి, ఆ మట్టి గురించి అడుగుతారు. అరకు తోటలకూ అలాంటి అతిథులు రావాలి.

తిండి గురించి: హోమ్‌స్టేలో చోడి అంబలి, రాజ్మా కూర, నాటుకోడి. బొంగు చికెన్ తినాలంటే మీ కళ్లముందు బొంగులో కూరి కాల్చేచోటే కొనండి, ముందే కాల్చి పెట్టినది ఎండిపోయి ఉంటుంది. బొర్రా గుహలు అద్భుతమే, కానీ మెట్లు చాలా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు బయటే కూర్చున్నారు. సెలవు రోజుల్లో ఆ రద్దీ కూడా భరించలేం.

ఇంటికి కాఫీ కొనేటప్పుడు ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూడండి, చికోరీ కలిసిందా లేదా చదవండి. రోడ్డు పక్క అరకు పేరుతో అమ్మే పొడులన్నీ ఒకటి కాదు. అక్కడ కొనడం కుదరకపోతే విశాఖలోనే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణాల్లో వాళ్ల అరకు కాఫీ దొరుకుతుంది. మేం మాత్రం ఆ పెద్దావిడ దగ్గరే ఒక కిలో గింజలు తీసుకున్నాం, బేరం ఆడలేదు. తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి. ఘాట్ రోడ్డు దిగేదాకా మలుపులే, సాయంత్రమైతే మంచు కమ్మి ఎదుటి బండి కనిపించదు.