అట్లాంటా నుంచి ఒక్కరోజు: కొలంబసా, అగస్టానా?

జార్జియాలో నదిని నమ్ముకుని, బట్టల మిల్లులతో ఎదిగిన ఊళ్లు ఇవి రెండూ. అట్లాంటాలో ఉండే మన తెలుగువాళ్లు వీకెండ్‌కి ఎటు వెళ్లాలని అడిగితే నేను ముందు కొలంబస్ అంటాను.

చట్టహూచీ నది అక్కడ రాళ్ల మీదుగా కిందికి ఉరుకుతుంది. ఆ నీటి బలంతోనే మిల్లులు నడిచాయి. అమెరికా అంతర్యుద్ధానికి ముందు వాటికి చేరిన పత్తిలో ఎక్కువభాగం బానిసల చెమట. 1865 ఏప్రిల్‌లో ఉత్తరాది (యూనియన్) సేనలు ఈగిల్ మిల్లును తగలబెట్టాయి. మళ్లీ కట్టి ఈగిల్ అండ్ ఫీనిక్స్ అన్నారు; ఇప్పుడందులో జనం కాపురాలుంటున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చేది తర్వాత జరిగిన పని: 2012, 2013లలో పాత మిల్లు ఆనకట్టలు రెండింటిని తెగ్గొట్టి నదిని మళ్లీ స్వేచ్ఛగా పారనిచ్చారు. ఊరి నడిబొడ్డునే రబ్బరు పడవల్లో రాఫ్టింగ్! ఎగువ డ్యాముల నుంచి నీళ్లు వదిలినప్పుడు జోరు బాగా పెరుగుతుంది, కాబట్టి చిన్నపిల్లలుంటే టైమ్ ముందే కనుక్కోండి.

అగస్టాది వేరే దారి. సవన్నా నది నీటిని 1845లో కాలువ తవ్వి మిల్లుల దగ్గరికి తెచ్చారు. ఆ కాలువ నేటికీ పారుతోంది, కరెంటూ ఇస్తోంది. పడవలో కూర్చుని, అంతర్యుద్ధం నాటి తుపాకిమందు కర్మాగారంలో మిగిలిన పొడవాటి పొగగొట్టాన్ని చూడొచ్చు. పెద్దవాళ్లతో వెళ్తే ఇదే హాయి. ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ వారం మాత్రం వద్దు, రూములు దొరకడం కష్టం.