పనిముట్ల లైబ్రరీ: డబ్బు అడగని షాపు ఎంతవరకు పనికొస్తుంది?

పెట్టుబడిదారీ వ్యవస్థ పోయి, డబ్బుతో పనిలేని సహకార సమాజం రావాలనేవాళ్లు మాటలతో సరిపెట్టకుండా చూపించగలిగిన చోటు పనిముట్ల లైబ్రరీ. పుస్తకాల బదులు డ్రిల్ మెషీన్లు, నిచ్చెనలు, కుట్టు మిషన్లు అరువిస్తారు. అమెరికాలో బర్క్‌లీ ప్రజా గ్రంథాలయం 1979 నుంచే ఈ పని చేస్తోంది. ఈ సమీక్ష మాత్రం ఏ ఒక్క లైబ్రరీ మీదా కాదు, ఆ పద్ధతి మీద.

గోడకు నాలుగు బెజ్జాలు వేయడానికి కొన్న డ్రిల్లు మిగతా ఏడాదంతా అటక మీదే ఉంటుంది. ఇరవై ఇళ్లకు రెండు చాలు, కానీ ఇరవై అమ్ముడుపోతేనే కంపెనీకి లాభం. లైబ్రరీకి లెక్క తిరగబడుతుంది. మన్నేది, స్క్రూలు విప్పి బాగుచేయగలిగేది, మోటారుకు కరెంటు అందిస్తూ అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు బయటినుంచే మార్చుకోగలిగేది కొనుక్కోవాలి. బ్యాటరీ మెషీన్లయితే అన్నీ ఒకే కంపెనీవి తీసుకోండి. ఒకరి బ్యాటరీ ఇంకొకరి మెషీన్‌కు ఎక్కకుండా కంపెనీలు ఆ ఏర్పాటు ముందే చేసిపెట్టాయి. బ్యాటరీని సగం చార్జితో చల్లని చోట ఉంచాలి. పూర్తిగా దిగిపోయి వారాల తరబడి పడి ఉన్న లిథియం బ్యాటరీని చాలాసార్లు చార్జరు కూడా తీసుకోదు.

మంచి లైబ్రరీని కౌంటరు దగ్గరే గుర్తుపట్టవచ్చు. తిరిగొచ్చిన డ్రిల్లును అక్కడికక్కడే ప్లగ్గులో పెట్టి తిప్పి చూస్తారు. లోపల చిన్న నీలి మెరుపులు మామూలే. నిప్పు చుట్టూ వలయంలా తిరిగినా, కాలిన వాసన వచ్చినా బ్రష్‌లు అరిగినట్టో, అవి రాసుకునే మోటారు భాగం, అంటే కమ్యుటేటరు, పాడైనట్టో అనుమానించాలి. బిట్టు బిగించి తిప్పితే మొన ఊగకూడదు. వైరు పిడిలోకి వెళ్లే చోట వంచి, పగుళ్లున్నాయేమో చూడాలి. పెట్టె మూత లోపల అంటించిన జాబితాతో సైడ్ హ్యాండిల్, లోతు కొలిచే కడ్డీ, బిట్టు బిగించే చక్ కీ సరిపోల్చుకోవాలి. మెషీన్ ఎప్పుడో గానీ పోదు, చక్ కీ మాత్రం పోతూనే ఉంటుంది. దాన్ని వైరుకు ప్లగ్గు దగ్గర కట్టేస్తే కీ పోదు, బిట్టు మార్చాలంటే ప్లగ్గు తీయక తప్పదు కూడా.

తిరిగే డిస్కుతో కోసే, అరగదీసే యాంగిల్ గ్రైండర్ విషయంలో మొహమాటం పనికిరాదు. డిస్కుకు అడ్డుగా ఉండే గార్డు ఊడదీసి పెద్ద డిస్కు ఎక్కించేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. డిస్కు మీద రాసిన వేగం మెషీన్ వేగం కన్నా తక్కువైతే అది తిరుగుతూనే పగిలి ముక్కలు ఎగరొచ్చు. గార్డు లేకుండా తిరిగొచ్చిన గ్రైండర్ మళ్లీ బయటికి వెళ్లకూడదు.

ఈ పద్ధతి తడబడేది వాడితే తరిగిపోయే వస్తువుల దగ్గర. కాంక్రీటుకు బెజ్జం వేసే బిట్టు దాని లోపలి ఇనుప చువ్వకు తగిలితే, బిట్టుకున్న గట్టి కార్బైడు మొన విరగొచ్చు. ఇసక కాగితం, కటింగ్ డిస్కు, కుట్టు సూది కూడా అంతే. వీటికి అరువు అన్న మాటే కుదరదు. ఎవరివి వాళ్లు తెచ్చుకోమంటే, వీధి తలుపులోంచి పంపేసిన డబ్బు దొడ్డి దారిన వచ్చినట్టే.

ఆలస్యానికి జరిమానా పెట్టే లైబ్రరీకి మార్కులు తగ్గిస్తాం. ఇజ్రాయెల్‌లో పది డే కేర్ కేంద్రాలను పరిశీలించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్నిచోట్ల జరిమానా పెడితే ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి, ఎత్తేశాక కూడా దిగలేదు. కట్టేస్తున్నాం కదా అనుకుంటే మొహమాటం పోతుంది. ఉమ్మడి వనరుల మీద పనిచేసి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించిన మెట్ల పద్ధతి నయం: ముందు గుర్తుచేయడం, తర్వాత కొత్త అరువు ఆపడం, చివరికి సభ్యత్వం ఆపడం. 'మీ తర్వాత ఒకరు ఎదురుచూస్తున్నారు' అన్న సందేశానికి చాలా వస్తువులు వాటంతటవే తిరిగొస్తాయి.

అసలు చిక్కు మరమ్మతు. పదిమందిలో పాము చావదంటారు కదా! కౌంటరులో కూర్చోవడానికి వచ్చేవాళ్లు, దున్నే యంత్రం కార్బురేటరులో జిగురుగా పేరుకున్న పాత పెట్రోలు కడగడానికి రారు. ట్యాంకు ఖాళీ అయ్యి ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి అప్పగించాలన్న నియమం పెడితే ఆ పని చాలావరకు తప్పుతుంది. చేసిన గంటలకు చీటీలు ఇద్దామని కొందరంటారు. 1970లలో వాషింగ్టన్‌లో సుమారు 150 జంటలు, ఒకరు బయటికి వెళ్తే ఇంకొకరు వాళ్ల పిల్లల్ని చూసుకునే గంటలకు ఇలాగే చీటీలు పెట్టుకుంటే, అందరూ చీటీలు ఖర్చు చేయకుండా దాచుకోవడం మొదలై బయటికి వెళ్లేవాళ్లే కరువయ్యారు. అవి చీటీల వేషంలో ఉన్న డబ్బే. సభ్యుడికి నెలకు రెండు గంటల బెంచి పని, అంటే మరమ్మతు, వంతుల వారీగా, ఏ లెక్కా మిగలకుండా పెట్టడమే మాకు మెరుగనిపిస్తుంది.

చేతి పనిముట్లకు, నిచ్చెనలకు అయిదుకు అయిదు. కరెంటు మెషీన్లకు నాలుగు. ఇంజన్లకు రెండు, అదీ ట్యాంకు ఖాళీ చేసి అప్పగించాలన్న నియమం ఉంటేనే. చేరే ముందు మరమ్మతుకు ఆగి ఉన్న వస్తువుల అర దగ్గరికి వెళ్లి, వాటికి కట్టిన చీటీల మీది తేదీలు చూడండి. నెల దాటినవి వరసగా కనిపిస్తే ముందు బెంచి పనికి పేరిచ్చి, తర్వాత డ్రిల్లు అడగండి.