తోటకు వాడిన నీరు: విజయనగరంలో మా కాలనీ తీసుకున్న సేవ

స్నానాల గదుల నుంచి, బట్టలు ఉతికే చోటి నుంచి వచ్చే నీటిని శుద్ధి చేసి తోటకు మళ్లించే ఏర్పాటును, విజయనగరంలోని మా చిన్న కాలనీకి ఒక స్థానిక సంస్థ చేసి ఇచ్చింది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమని ప్రభుత్వ ప్రమాణం చెబుతుంది; అందులో సగానికి సగం స్నానానికీ ఉతుకుకీ పోతుంది కనుక, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చే చంపావతి నది మంచినీటిని కొబ్బరి మొక్కలకు పోయడం నాకెప్పుడూ దుబారాగానే తోచేది.

పనితనం బాగుంది. నీరు ముందుగా జాలీ తొట్టిలో నురగను, పీచును వదిలి, గులకరాళ్ల మధ్య మెట్టతామర పెంచిన మడి గుండా నెమ్మదిగా జారి సంపులోకి చేరుతుంది. అక్కడి నుంచి డ్రిప్ గొట్టాల ద్వారా వేళ్ల దగ్గరే పడుతుంది. మరుగుదొడ్డి నీటిని, జిడ్డుండే వంటింటి నీటిని ఇందులో కలపలేదు. అరటి, కొబ్బరి ఏపుగా ఎదిగాయి. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం ఈ నీరు పెట్టకూడదు.

అయితే, సబ్బు పొడిలోని సోడియం వల్ల మట్టి గట్టిపడుతుందని, అప్పుడప్పుడు జిప్సం చల్లాలని వారు ముందే చెప్పవలసింది. సంపులో నీరు ఒక రోజుకు మించి నిలిస్తే వాసన వేస్తుంది; వానాకాలంలో తోటకు నీరు అక్కరలేనప్పుడు దానిని మురుగు కాలువకు మళ్లించే వాల్వును మేము అడిగాకే అమర్చారు. నిర్వహణకు మనిషిని పంపడంలో జాప్యం ఎక్కువ. ఒప్పందంలో జాలీ శుభ్రతను, గులకరాళ్ల కడుగుడును విడిగా రాయించుకోండి.