దుక్కి మానాలా, యూరియా తగ్గించాలా: మొక్కజొన్నలో ఏది మేలు?

కృష్ణా, గుంటూరు వైపు వరి కోసిన మాగాణిలో దున్నకుండానే గుంతలు పొడిచి మొక్కజొన్న గింజ పెట్టడం చాలామందికి అలవాటే. జీరో టిల్లేజ్ అంటారు. డీజిల్, కూలి, రోజులు కలిసొస్తాయని రైతులు పట్టుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు దానికి 'వాతావరణానికి మేలు' అన్న పేరు కూడా వచ్చింది.

ఆ పేరులో సగమే నిజం. ట్రాక్టర్ పొగ తగ్గుతుంది, సరే. నేలను కదపకపోతే అందులోని సేంద్రియ కర్బనం గాలిలో కలవకుండా నిలుస్తుందంటారు కానీ, అదే మడిని ఖరీఫ్‌లో వరికి నీళ్ళు పెట్టి దమ్ము చేస్తాం కదా! రబీలో దాచింది అక్కడే చెదురుతుంది. పైగా తేమ ఆరని బరువు నేల. గాలి ఆడని తడిలో యూరియా పడితే భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఎక్కువగా పుడుతుంది. దున్నడం మానేసిన తొలి ఏళ్ళలో ఇలాంటి నేలల్లో అది పెరగొచ్చు కూడా.

అసలు లెక్కంతా యూరియా దగ్గరే ఉంది. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ సాధారణ లెక్కలో వేసిన నత్రజనిలో 1 శాతం నేల నుంచి నేరుగా నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుంది. బస్తాకు సుమారు 325 గ్రాముల వాయువన్నమాట. ఇంతేనా అనిపిస్తుంది. కానీ వందేళ్ళ లెక్కన దాని వేడి కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అంటే దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 33 లీటర్ల డీజిల్ కాల్చినంత. ఎకరం దుక్కికి అంత డీజిల్ ఎవరు పోస్తారు?

అందుకే రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు యూరియా తగ్గించడానికే. దిగుబడి పోతుందన్న భయం అందరికీ ఉంటుంది. పక్క చేను ముదురు పచ్చగా కనిపిస్తే మనకు నిద్ర పట్టదు, ఇంకో అర బస్తా చల్లేస్తాం. ఆ అర బస్తా మానడంతోనే మొదలుపెట్టొచ్చు. మిగతాది ఒకేసారి గుమ్మరించకుండా విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తు పైరులో కొంత, పూతకు ముందు కొంత వేయాలి. పైన చల్లితే కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, మొదలు పక్కన గుంతలో వేసి మట్టి కప్పితే మొక్కకు అందుతుంది. కూలి ఎక్కువవుతుంది, కాదనను. యూరియా నత్రజని మెల్లగా విడుదలయ్యేలా గింజలకు పూసే వేపనూనె, అంటే వేపపూత మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా దాదాపు అంతా వేపపూతదే, మనం వేసే బస్తా ఇప్పటికే అదే.

జీరో టిల్లేజ్ చేస్తున్నవాళ్ళు మానక్కర్లేదు. వరి కొయ్యలు తగలబెట్టకుండా, యూరియాను తడి నేల మీద చల్లకుండా ఉంటే చాలు.