పెళ్లి ఫోటోలు పైగదికి ఆరు నిమిషాల్లో: మా ఇంటి ల్యాన్ వైరింగ్, 8 పోర్టుల స్విచ్

మాది తెనాలిలో రెండంతస్తుల ఇల్లు. కింద మా ఆయన పెళ్లి ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు, పైగదిలో నేను ఆల్బమ్ డిజైన్ చేస్తాను, పక్కగదిలో మా మరిది వీడియో ఎడిటింగ్ చేస్తాడు. ఒక్క పెళ్లికి ఫోటోలే 40 జీబీ దాకా వస్తాయి. వైఫైలో పంపుదామంటే స్లాబు దాటేసరికి సిగ్నల్ ఉండదు. అందుకని హార్డ్ డిస్కులు పట్టుకుని మెట్లెక్కి దిగేవాళ్లం. మాఘమాసంలో ఒక పెళ్లి అప్పగింతల ఫోటోలు ఏ డిస్కులో ఉన్నాయో తెలియక రాత్రి ఒంటిగంట దాకా వెతికాం. ఆ మర్నాడే ఇంట్లో కంప్యూటర్లని వైర్లతో కలిపే ల్యాన్ వైరింగ్ చేయించాలనుకున్నాం.

కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బా, అంటే టీపీ-లింక్ 8 పోర్టుల గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్ల స్పీడు) నెట్‌వర్క్ స్విచ్, క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్, గోడకి పెట్టే సాకెట్లు కొన్నాం. షాపులో కేబుల్ రెండు రకాలు చూపించారు. చవకదాని తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించింది. అల్యూమినియం మీద రాగి పూత అన్నమాట. రెండోది ఎంత గీకినా ఎర్రగానే ఉంది. డబ్బు ఎక్కువైనా అదే తీసుకున్నాం. స్విచ్ పాడైతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, గోడలో వైరు మార్చాలంటే ఇల్లంతా దుమ్మే.

వైరు లాగడానికి వచ్చిన అబ్బాయి "కరెంటు పైపులోనే లాగేస్తానమ్మా, ఖర్చు తగ్గుతుంది" అన్నాడు. వద్దు బాబూ, వేరే పైపు వెయ్యమన్నాను. కరెంటు వైర్లతో కలిపితే ప్రమాదం, పైగా సిగ్నల్‌కి కూడా ఇబ్బంది.

అంతా అయ్యాక చూస్తే మరిది కంప్యూటర్‌కి స్పీడు బాగానే వచ్చింది, నా దాంట్లో మాత్రం 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) దగ్గరే ఆగింది. 40 జీబీ కాపీకి గంట పట్టింది! నాకు ఒకటే టెన్షన్, ఇంత ఖర్చు పెట్టించానే అని. కేబుల్ టెస్టర్ పెట్టి చూశాం, కేబుల్ లోపలి ఎనిమిది తీగల్లో ఒక్కోదానికి ఒక్కో లైటు. లైట్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు వెలిగాయి, అయిదు వెలగలేదు, ఆరు వెలిగింది. 100 స్పీడుకి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కలవాలి. ప్లగ్గుని వెలుతురుకి ఎత్తి చూస్తే తెలుపు-నీలం తీగ చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే ఉండిపోయింది. మరిది ప్లగ్గు కత్తిరించి, తీగల చివర్లు సమానం చేసి, కొత్తది బిగించాడు. అదే 40 జీబీ ఆరు నిమిషాల్లో వచ్చేసింది. మీ ఇంట్లో వైరింగ్ చేయిస్తే డబ్బులిచ్చే ముందే ప్రతి సాకెట్‌నీ టెస్టర్ పెట్టి చూపించమనండి.

స్విచ్ విషయంలో నాకు పూర్తి తృప్తి. ఇనుప డబ్బా, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, సెట్టింగులు ఏమీ లేవు. దీనివల్ల ఇంటర్నెట్ స్పీడు మీ ప్లాన్‌కి మించి పెరగదు. కానీ నెట్ పోయినా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు వెళ్తూనే ఉంటాయి, మాకు కావలసింది అదే. కరెంటు పోతే పని ఆగకుండా స్విచ్‌నీ రూటర్‌నీ ఇన్వర్టర్ లైనుకి ఇచ్చాం.

రూటర్, మూడు కంప్యూటర్లు, ప్రింటర్ పోను ఇంకా మూడు పోర్టులు ఖాళీగా ఉన్నాయి. ఒకటి సీసీ కెమెరాల డబ్బాకి కావాలని మా అత్తయ్య ఇప్పటికే అడిగి పెట్టారు.