విజయనగరం శివారులో ఒక వృద్ధాశ్రమం: పగలు భరోసా, రాత్రి సందేహం

విజయనగరం శివారులో రుసుము తీసుకుని నడుపుతున్న ఒక వృద్ధాశ్రమంలో మా మేనత్తగారిని ఈ ఏడాది చేర్పించాం. శ్రీకాకుళం జిల్లాలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరైన ఆమె ఎనభయ్యో పడికి దగ్గరపడ్డారు. షుగరు ఉంది, మోకాళ్లు సహకరించవు, జ్ఞాపకశక్తికి మాత్రం ఏ లోటూ లేదు. చేర్చే ముందు మేము చూసినవీ, చేరిన తరువాత ఆమె చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక సంస్థ పేరు రాయడం లేదు. అయిదుకు మూడు మార్కులు ఇస్తాను.

పగటి విషయంలో మాకు ఫిర్యాదు లేదు. వంట ఈ ప్రాంతపు నోటికి తగ్గట్టే ఉంటుంది. పొద్దున్న చోడి (రాగి) అంబలి కావాలన్నవారికి అంబలి, ఇడ్లీ కావాలన్నవారికి ఇడ్లీ పెడతారు. అరటికాయ ఆవపెట్టి వండిన రోజున మా అత్తగారు ఫోను చేసి మరీ చెబుతారు. షుగరు ఉన్నవారికి అన్నం గరిటెతో కొలిచి వడ్డించి, ఆ మేరకు కూర ఎక్కువ వేస్తారు. రాత్రి భోజనం ఏడు గంటలకు ఖాయం. దీన్ని చిన్న విషయమనుకోకూడదు, ఎందుకంటే భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకున్నవారికి కంచం ముందుకు రావడం ఆలస్యమైతే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పింఛను ఆగకుండా ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం పనిని ఆఫీసులోని కుర్రవాడు ఫోనులో ముఖం చూపించి పూర్తిచేయిస్తాడు. వేలిముద్రలు అరిగిపోయినవారికి ఇదొక పెద్ద ఊరట.

గది చూడటానికి వెళ్లినవారు కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్లనూ ఉతికి పరిచిన దుప్పట్లనూ చూసి మురిసిపోతారు గాని, ముందుగా చూడవలసింది స్నానాలగదిని. ఇక్కడ గచ్చు గరుకుగానే ఉంది, కమోడ్ తగినంత ఎత్తుగానే ఉంది. కాని గుమ్మం దగ్గర నీళ్లు బయటికి రాకుండా నాలుగు వేళ్ల ఎత్తున దిమ్మె కట్టారు. కాలు ఈడ్చి నడిచేవారికి అర్ధరాత్రి అదే గండం. పట్టుకోవడానికి గోడకు బిగించిన స్టీలు కడ్డీని లాగి చూస్తే మరలు కదిలాయి. చెప్పాక బిగించారు, దిమ్మె మాత్రం అలాగే ఉంది.

ప్రతి మంచం పక్కనా గంట మీట ఉంది. అది మోగేది కింది అంతస్తులో, వాచ్‌మన్ కూర్చునే బల్ల దగ్గర. పగలు నర్సుతో పాటు ఆయాలు గదుల మధ్య తిరుగుతూనే ఉంటారు. రాత్రి తొమ్మిది దాటితే రెండంతస్తులకూ కలిపి ఒకే ఒక్క ఆయా. ఆ అమ్మాయి మంచిది, "టీచరమ్మా, లేవకండి, వచ్చేస్తన్నాను" అని మెట్ల మీంచే కేకవేస్తుంది. అయితే పైన ఒకరిని మరుగుదొడ్డికి నడిపిస్తున్న సమయంలో కింద ఇంకొకరు గంట నొక్కితే ఆమె మాత్రం ఏం చేయగలదు? ఏ ఆశ్రమాన్నయినా రాత్రి పొద్దుపోయాక ఒకసారి చూసి రావాలని నేను చెప్పేది ఇందుకే.

మందుల పుస్తకం కూడా అడిగి చూడాలి. ఇక్కడ ఒక్కొక్కరికీ పేరు రాసిన మాత్రల పెట్టె, వేళల వారీగా సంతకం చేసే పుస్తకం ఉన్నాయి. ఏర్పాటు బాగానే ఉంది. నేను చూసినది సాయంత్రం నాలుగు గంటల వేళ. రాత్రి ఎనిమిది గంటల గడిలో అప్పటికే సంతకం పడి ఉంది. అడిగితే, "ఎలాగూ ఇస్తాం కదండీ" అన్నారు. అన్నింటికంటే బరువుగా నేను తీసుకున్న లోపం ఇదే. మాత్ర వేయకపోవడం ఒక ఎత్తు, వేసినట్టు రాసి ఉండటం మరో ఎత్తు. ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు నమ్మేది ఆ పుస్తకాన్నే.

తుపాన్ల సంగతి ఈ జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక గడిపిన ఊళ్లు ఎన్నో. అందుచేత జనరేటరు ఉందా అని అడిగి ఊరుకోకుండా, అది దేనికి పనిచేస్తుందో అడిగాం. నీళ్ల మోటారుకూ, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌కూ, కారిడారు దీపాలకూ కనెక్షన్ ఇచ్చారు, లిఫ్టుకు ఇవ్వలేదు. మోకాళ్ల నొప్పులవారికి కింది అంతస్తులో గది అడగడం మంచిది. మేమూ అలాగే తీసుకున్నాం.

ఇక ఒప్పంద పత్రం. నెల రుసుము మా అత్తగారి పింఛనులో సగానికి కాస్త పైన పడుతుంది, డిపాజిట్ ఆరు నెలల రుసుముతో సమానం. వీటిలో దాపరికం లేదు. చిక్కంతా, నివాసి తన పనులు తాను చేసుకోగలిగినంత కాలం మాత్రమే ఉండవచ్చునన్న ఒక్క వాక్యంలో ఉంది. తుంటి ఎముక విరిగినా, పక్షవాతం వచ్చినా, మతిమరుపు ముదిరినా ఆ వాక్యం కింద ఖాళీ చేయించవచ్చు. అంటే ఎవరి అవసరం ఎక్కువో వారినే బయటికి పంపవచ్చు. "అలా ఎవరినీ పంపించలేదండీ" అని మేనేజరుగారు నోటిమాటగా చెప్పారు, నేను ఆయన మాటను శంకించడం లేదు. రేపు ఆ కుర్చీలో ఆయనే ఉంటారన్న హామీ మాత్రం ఎవరిస్తారు? ఖాళీ చేయమనేముందు మూడు నెలల గడువు, డిపాజిట్ తిరిగి ఇచ్చే తేదీ కాగితం మీద రాయించుకున్నాం. ఆసుపత్రిలో చేరితే పక్కన మనిషిని ఉంచే బాధ్యత మాత్రం కుటుంబానిదేనని తేల్చి చెప్పారు. పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నవారు ఈ ఒక్క అంశం కోసమైనా దగ్గరి బంధువులతో ముందే మాట్లాడుకోవాలి.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్‌లో జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి తగ్గకుండా అన్న మాట ఉంది గాని, అది నిరుపేద వృద్ధులను ఉద్దేశించినది. పింఛను వచ్చేవారికి ఇటువంటి చోట్లే దిక్కు. ఎవరైనా డిపాజిట్‌కు బదులు ఆస్తి రాసిస్తే జీవితాంతం చూసుకుంటామంటే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండేలా చూడండి. ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయమని ట్రైబ్యునల్‌ను అడిగే వీలు అదే చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. సలహాకు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉచితం.

లేచి తిరగగలిగి, వేళకు తిండీ మాట్లాడే మనుషులూ కావాలనుకునేవారికి ఈ చోటు సరిపోతుంది. మంచం పట్టినవారికి సరిపోదు. మా అత్తగారు ఇక్కడే ఉంటానంటున్నారు. మందుల పుస్తకంలో వేళకే సంతకం చేస్తున్నారని ఆమే గమనించి చెబుతున్నారు. రాత్రికి రెండో ఆయాను దసరా తరువాత పెడతామన్నారు; మరికొందరు నివాసుల పిల్లలతో కలిసి ఆ మాటనూ రాతపూర్వకంగా అడిగాం, జవాబు ఇంకా రాలేదు.